పిడికెడు బియ్యం మీద నా ప్రసంగం

ఆ రోజుల్లో, అంటే ఇంగ్లండు రాణీగారి ఏలుబడిలో, మా గోదావరి లంకలకీ పేటలకీ మంచైనా చెడైనా కాలువ మీద పడవలోనే వచ్చేది. ఉప్పుకీ, కిరసనాయిలుకీ, దొరగారికీ అదే దారి. మీసాలు సరిగా రాని వయసులో నేనూ ఆ దారినే, ఒక చాపా, ఒక ట్రంకుపెట్టే, తలనిండా వేదాంతమూ పెట్టుకుని పాలకొల్లు దిగువన ఒక పేటలో దిగాను. రాజమండ్రి మిషను బడిలో అప్పుడే చదువు ముగించాను. వారమంతా పిల్లలకి అక్షరాలు దిద్దించడం, ఆదివారం పెద్దలకి వాక్యం చెప్పడం నా ఉద్యోగం. పడవ ఎక్కించేటప్పుడు మా మిషను దొరగారు, "అక్కడ నిలబడితే నువ్వు పంతులువి. నిలబడలేక వస్తే నీకు ఇంకో ఊరు లేదు" అన్నారు. (ఆయన తెలుగులో బోలెడు తప్పులుండేవి గాని, బెదిరింపుల్లో మాత్రం ఒక్కటీ దొర్లేది కాదు.) రేవులో మా అమ్మ కనబడ్డవాళ్లందరికీ "మావాడు పంతులయ్యాడండి" అని చెప్పుకుంటోంది. ఇక వెనక్కి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

పేటలో అందరూ కూలినాలి చేసుకునేవాళ్లు, కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లు. వాళ్లకో అలవాటుండేది. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరున వేరే ముంతలో వేసేది. ఆదివారం ముంతలన్నీ ప్రార్థన పాకలో కాగులోకి ఒంపేవారు. ఆ కాగులోవి మర్నాడు చడీచప్పుడూ లేకుండా నేనే నా గదిలోకి చేరేసుకునేవాణ్ణి, దొరగారి ఏర్పాటు అదే. జీతం అమ్మకి పంపేవాణ్ణి కనక, నన్ను బతికించింది నిజానికి ఆ బియ్యమే.

దోసిలి పెద్దమ్మ అని ఒకావిడ ఉండేది. నాట్లు వేసి వేసి ఆవిడ చేతులు ఎంత వెడల్పయ్యాయంటే, ఆవిడ పిడికెడు ఇంకొకరికి దోసెడు. ఒకనాడు ఆవిడ కాగు దగ్గర నన్ను ఆపి, "పంతులుగారండీ, నా పిడికిలి పెద్దది కదండీ, పరలోకంలో నాకు ముందు వరసలో చాప వేత్తారాండీ?" అని అడిగింది. మనిషి తరించేది, మా మాటల్లో రక్షణ పొందేది, విశ్వాసంతో గాని పుణ్యకార్యాలతో కాదని బడిలో నాకు నూరిపోసి పంపితే, ఇక్కడ పరలోకాన్ని బియ్యంతో కొలుస్తున్నారు!

ఆ ఆదివారం పాక కప్పు ఎగిరిపోయేలా ప్రసంగించాను. "పిడికెడు బియ్యం పోసి పరలోకం కొంటారా? దేవుడేమన్నా షావుకారా? ఆయన ఊరికే ఇస్తున్నాడు, నమ్మి పుచ్చుకోండి! మీ పనులవల్ల గింజంత లాభం లేదు!" సంఘపెద్ద ఒక ముసలాయన, నా ప్రతి మాటకీ ఊఁ కొట్టేవాడు కనక ఊఁకొట్టు తాత అనేవాణ్ణి (మనసులో). ఆ రోజు ఆయన ఊఁ మానేసి "ఆయ్!" అన్నాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. "ఊరికేనాండీ? ఇంత మంచి సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంటండీ!" నా అంత బోధకుడు డెల్టాలో లేడనుకున్నాను.

మరుసటి ఆదివారం కాగు ఖాళీ. ఆ పై ఆదివారమూ అంతే. అడుగుదామంటే సిద్ధాంతం అడ్డొచ్చింది. నోటితో కూల్చినదాన్ని కడుపు కోసం మళ్లీ ఎలా నిలబెట్టను? బడి వెనక ములగచెట్టు ఆకు ఉడకబెట్టుకుని కాలం గడిపాను. చివరికి ఒక ఉపాయం తట్టింది. విశ్వాసం చెట్టయితే మంచిపనులు దాని కాయలనీ, కాయని చెట్టు ఎందుకనీ, కాగు వంకే చూస్తూ గర్జించాను. తాత ఊఁ మీద ఊఁ కొట్టాడు. మర్నాడు గొడ్డలి చప్పుడుకి బయటికొచ్చి చూద్దును గదా, ములగచెట్టు నేల మీదుంది. "మీరు చెప్పింది నిజమేనండీ, దీని మొహానికి ఏనాడూ ఒక్క కాయ కాసింది లేదండీ" అన్నాడు తాత, చెమట తుడుచుకుంటూ. నా కూరాకు ఆ చెట్టే అని చెప్పలేక, "మంచిపని చేశారు తాతగారూ" అన్నాను.

ఇక నావల్ల కాలేదు. పెట్టె నెత్తిన పెట్టుకుని, అమ్మకి ఏం చెప్పాలో అల్లుకుంటూ రేవుకి బయల్దేరాను. కాలువగట్టు మీద కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాను. నాట్లకి వెళ్తున్న దోసిలి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏంటి బాబూ ఇది? ఏం తిన్నావు?" గారూ లేదు, అండీ లేదు.

"బియ్యం లేవు పెద్దమ్మా."

"అదేంటి, దొరగారు పంపరా?"

"మీరు కాగులో పోసేవే నేను వండుకునేది."

ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో నా తండ్రీ! అయ్యి దేవుడి బియ్యవని పడవలో రాజమండ్రి ఎల్తాయనుకున్నాం మేం! నీ నోటికాడివని ఒక్క ముక్క చెప్పకూడదా?"

అక్కడే గట్టు మీద తన మూట విప్పింది. చద్దన్నం, ఉప్పుచేప. ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. ప్రాణం లేచొచ్చింది. అంతలోనే నాలోని వేదాంతీ లేచాడు. నోట్లో ముద్ద ఉండగానే, "పెద్దమ్మా, ఇది రక్షణ కోసం కాదు సుమా!" అన్నాను.

"తెలుసులే. అది ఆయన ఊరికే ఇచ్చేశాడని నువ్వే చెప్పావుగా. ఇంకా దానికోసం ఎందుకు పెడతాను? నీకు ఆకలేసింది, పెడుతున్నాను. ముందు మింగు."

మింగాను. పడవ వచ్చింది, వెళ్లింది, నేను ఎక్కలేదు. ఆ పేటలోనే నా తల నెరిసింది. విశ్వాసానికీ క్రియలకీ సంబంధమేమిటని తరవాత పెద్ద సభల్లో గంటల తరబడి చెప్పాను, శాలువాలు కూడా కప్పారు. ఎంత చెప్పినా ఆ గట్టు మీది మాటకి మించి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. అలాంటి మనుషుల మధ్య నన్ను దింపినందుకు దేవుడికి ఈ పూటకీ దణ్ణం పెట్టుకుంటాను. ఆ వేదాంతి కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వాగదు. మూట అడుగంటా తిని, చెయ్యి కడుక్కుని, ఆవిడ ఆ పూట ఏం తింటుందో అడగాలని కూడా తోచక, దర్జాగా బడి గంట కొట్టడానికి వెళ్లిపోయాడు. ఆవిడ ఖాళీ గుడ్డ దులిపి నడుముకి చుట్టుకుని చేలో దిగింది.