కోర్టు ముందరి రాయి

పోయిన మంగళవారం, అమెరికాలో నేనుంటున్న ఊరి టౌన్ హాల్లో ఒకాయన నన్ను లేపి నిలబెట్టి, నాకు చప్పట్లు కొట్టించాడు. కోర్టు ముందున్న రాతిదిమ్మ మీద ఒకప్పుడు బానిసలను నిలబెట్టి వేలం వేసేవారని అక్కడ ఒక ఫలకం పెట్టాలా వద్దా అన్నది ఆ సాయంత్రం చర్చ. పెడితే ఊరి పరువు పోతుందనీ, దేశమంటే అభిమానం ఉన్నవాళ్ళు ఇలాంటివి తవ్వుకోరనీ ఆయన వాదన. ఈ పెద్దాయన ఎక్కడినుంచో వచ్చి నలభై ఏళ్ళుగా మనమధ్య ఉన్నాడు, ఏనాడైనా ఒక్క మాట అన్నాడా, దేశభక్తి అంటే అదీ అన్నాడు. ఆయన అన్నది అక్షరాలా నిజం కావడమే నా ఒళ్ళు మండించింది.

ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మన తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, గుడికి వెళ్ళాలంటే ఆరు గంటలు డ్రైవ్ చేయాలి, కొబ్బరికాయ దొరికితే అదే పండగ. మొదటి కారు, పాత డొక్కుదే అనుకోండి, కొన్నప్పుడు పూజ లేకుండా ఎక్కడానికి మా ఆవిడకు మనసొప్పలేదు. అపార్ట్‌మెంట్ మెట్ల మీద కాయ కొడితే మేనేజరు ఊరుకోడని, ఆదివారం పొద్దున్నే కోర్టు దగ్గరికి వెళ్ళి, ఆ రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దానిమీదే కాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మా ఆవిడను రాయెక్కించి ఫొటో తీశాను.

ఆ ఫొటో కడిగించి, ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే నల్లజాతి ఆవిడకు గొప్పగా చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, తన అమ్మమ్మ తల్లిని తొమ్మిదేళ్ళ పిల్లగా ఆ రాతిమీదే అమ్మారనీ, తల్లిని ఒకరూ పిల్లను ఒకరూ కొనుక్కుపోయారనీ, గొంతు పెంచకుండా చెప్పింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీకు తెలీదుగా అని ఆవిడే నన్ను ఊరడించింది.

కొన్ని నెలలకు, అక్కడ ఫలకం పెట్టమని ఊరికి ఇచ్చే అర్జీ పట్టుకుని, సంతకానికి అందరికంటే ముందు నా దగ్గరికే వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళాను. "మనకెందుకొచ్చిన గొడవండీ, ముందు గ్రీన్ కార్డ్ రానివ్వండి" అంది మా ఆవిడ. నిజానికి నేనూ ఆ మాట కోసమే చూస్తున్నాను. రెండు రోజులు సొరుగులో ఉంచి, లాయర్ వద్దన్నాడని అబద్ధమాడి, సంతకం పెట్టకుండానే కాగితం తిరిగిచ్చేశాను. ఆ తరువాత రిటైరయ్యేదాకా ఆవిడ నాతో వాన గురించీ ఎండ గురించీ మాత్రమే మాట్లాడింది. ఇప్పుడు ఆవిడ బతికి లేదు.

మంగళవారం ముందు వరుసలో ఆవిడ కూతురు కూర్చుని ఉంది. చప్పట్లు ఆగాక, మీరేమైనా మాట్లాడతారా అని అధ్యక్షురాలు నన్ను అడిగింది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. థాంక్యూ అని కూర్చున్నాను. ఓట్లు వేశారు, ఫలకం వద్దని తేలింది.

కార్డు వచ్చి, పౌరసత్వం వచ్చి, ఎన్నో ఏళ్ళయింది. ఉద్యోగం పోతుందన్న బెంగ లేదు, పొమ్మనేవాడు లేడు. ఆ రోజుల్లో భయపడటానికి నాకొక కారణమైనా ఉండేది.