నా భార్య చెయ్యి ఊపి పాడిన రోజు

సహోదరులారా, మా ఇంట్లో పాట ఆగిపోయిన రోజుల గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఆపింది నేనే.

అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్లోని మన తెలుగు సంఘంలో పాటల బృందాన్ని నేను నడిపేవాణ్ణి, నా గొంతంటే నాకు మహా గర్వం. ఒకసారి ప్రాక్టీస్‌లో అందరి ముందూ నా భార్య సుగుణతో, "నువ్వు మైక్‌కి దూరంగా నిలబడు, శ్రుతి పాడవుతోంది" అన్నాను. ఆ తర్వాత ఆమె మందిరంలోనే కాదు, ఇంటి ప్రార్థనలో కూడా పాడటం మానేసింది. ఇంట్లో క్షమాపణ అడిగితే, "దానికేముందిలెండి" అనేది. "ప్రభువా, ఆమె నోరు మూయించాను, తెరిపించడం నాకు చేతకావడం లేదు" అని ప్రార్థించేవాణ్ణి.

అప్పుడే మా ఆఫీస్‌లో పనిచేసే వాల్టర్ మమ్మల్ని ఊరి బయట ఒక పాత చెక్క చర్చికి పిలిచాడు. ఇంగ్లీషు కీర్తనలకు ఈ దేశపు తొలినాళ్ల పల్లెవాళ్లు కట్టిన బాణీలను అక్కడ ఇంకా పాడతారు. వాయిద్యాలుండవు, వినేవాళ్లుండరు, పై గొంతు నుంచి కింది గొంతు దాకా నాలుగు స్వరాలవాళ్లు నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుంటే, ఎవరైనా సరే మధ్యలో నిలబడి చేత్తో తాళం చూపిస్తూ పాట నడిపించవచ్చు. ఆ మోటు గొంతులు వింటూ నేను మనసులో తప్పులు ఎంచుతూ కూర్చున్నాను.

భోజనాలయ్యాక వాల్టర్ భార్య మార్తా ఒక పాట నడిపించమని సుగుణను లేపింది.

"నాకు శ్రుతి రాదండీ, మా ఆయన్ని అడగండి."

"మీ ఆయన్ని ఎవరడిగారమ్మా? నువ్వు చెయ్యి ఊపు చాలు, పాడటం మా పని."

ఆమె మధ్యలోకి వెళ్లి నిలబడింది. ఆ పాటలో ఒకచోట అందరూ ఆగి, ఒక్కో వరుస ఒకదాని వెనుక ఒకటి అందుకోవాలి, ముందుగా అందుకోవలసింది కింది స్వరం పాడే మా వరుస. సుగుణ మావైపు తిరిగి చెయ్యి దించింది, నోరు తెరిచి పాడింది. ఆమె శ్రుతి ఎలా ఉందో నాకు తెలియదు సహోదరులారా, ఏడుపొచ్చి నేను పాట అందుకోలేకపోయాను, పక్కాయనే నా బదులు అందుకున్నాడు.

తిరిగి వస్తుంటే కార్‌లో, "ఏవండీ, మీరు ఎంట్రీ మిస్ చేశారు" అంది.

"అవును మేడమ్, సారీ."

చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. అందరి ముందూ అవమానించి, ఇంట్లో తలుపులు మూసి క్షమాపణ అడిగానని ఆ దారిలోనే ప్రభువు నాకు చూపించాడు. మరుసటి ఆదివారం బృందమంతటి ముందూ ఆమెను క్షమాపణ అడిగాను. ఆయన కృపకు స్తోత్రం, మహిమంతా ఆయనదే.

మీ మాట వల్ల ఇంట్లో ఎవరైనా మౌనమైపోయి ఉంటే, ప్రభువును నమ్మి ముందుగా వారి దగ్గరకు వెళ్లండి, ఆయన మీతో వస్తాడు.