ముప్పై రెండు అంగుళాల నడుము

టైలరుకు తన పొట్ట మీద కోపం లేదు. దాన్ని వేలితో పొడిచిన గుమాస్తా మీద, అంటే చెల్లెలి మొగుడి మీద ఉంది. కొట్లో బట్టలివ్వడానికి వచ్చినవాళ్లందరి ముందూ, "ఒక్క ఫర్లాంగు పరిగెత్తితే నిన్ను చాపలో చుట్టి తేవాలి బావా" అన్నాడు ఆ గుమాస్తా. అందరూ నవ్వారు. టైలరూ నవ్వాడు, పళ్లతో మాత్రమే. పాముది పగ అంటారు గానీ, టైలరు పగ చూడనివాళ్ల మాట అది.

గుమాస్తాకు వ్యాయామం పిచ్చి. పొద్దున గంట పరుగు, సాయంత్రం గంట బరువులు. "కండ పెరిగినా తూకం పెరుగుతుంది. ప్యాంటు అబద్ధమాడదు" అనేవాడు. కుట్టించుకునేటప్పుడు టేపును దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "ముప్పై రెండే. నా నడుము మారదు" అని గుడ్డ పడేసి పోయేవాడు.

అదే చాలనుకున్నాడు టైలరు. కొత్త ప్యాంటు నడుములో అరంగుళం తగ్గించాడు. తర్వాతిదాంట్లో అంగుళం. గుండీలు ఊడి పాతవి వస్తే వాటికీ అదే శాస్తి.

గుమాస్తా తిండి తగ్గించి పరుగు రెట్టింపు చేశాడు. బుగ్గలు పీక్కుపోయినా ప్యాంటు బిగుసుకుంటూనే ఉంది. టైలరుకు కడుపులో పాలు పోసినట్టుండేది. "కాస్త ఒళ్లు చేశావు బావా" అని ఓ మాట కూడా వదిలాడు.

ఆరో నెలలో ఒళ్లు కాలే జ్వరంలోనూ పరిగెత్తి గుమాస్తా పడిపోయాడు. మూత్రం నల్ల టీలా వచ్చింది. కండలు చితికి కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు ఆసుపత్రిలో.

"వ్యాయామం మంచిదేనయ్యా, ఒంటికి విశ్రాంతి కూడా ఇస్తే. జ్వరంలో పరిగెత్తమని ఎవరు చెప్పారు?" అని డాక్టరు అడిగాడు.

"ప్యాంటు" అన్నాడు గుమాస్తా.

పక్కనే ఉన్న చెల్లెలు ఆ మాట విని, ఇంటికెళ్లి ప్యాంట్లన్నీ తిరగేసి నడుము కుట్లు చూసింది. వాళ్ల నాన్న కుట్టుపని ఇద్దరికీ నేర్పాడు. మర్నాడు కొట్టుకొచ్చి అన్న ముందు వాటిని కుప్ప పోసింది.

"ఇది నీ చేతి కుట్టే అన్నయ్యా. ఆయనకి నేను చెప్పను. రోజూ వచ్చి ఆయన్ని నడిపించు. నువ్వే నోరు విప్పేదాకా నడిపించు."

వారం నుంచి నడిపిస్తున్నాడు. ఆసుపత్రి వరండాలో పది అడుగులకే గుమాస్తా ఆయాసంతో టైలరు భుజం మీద వాలిపోతాడు.

"నా ఒళ్లే నన్ను మోసం చేసింది బావా. నీ పొట్టని ఎగతాళి చేశాను, మనసులో పెట్టుకోకు" అన్నాడు ఇవాళ.

ఆర్నెల్లు కత్తెర పట్టింది ఈ మాట కోసమే. బెంచీ మీద చెల్లెలు తలెత్తి చూస్తోంది. టైలరు నోరు తెరిచాడు, మూశాడు. "ఇంకో పది అడుగులు వేద్దాం బావా" అన్నాడు.