చపాతీ పిండితో కొలిచిన క్యామ్‌షాఫ్టు

మా ఆయన నన్ను పెళ్లి చేసుకోవడానికి ఒక్క పూటైనా ఆలోచించలేదు. మేనమామ కూతుర్ని, కళ్లముందు పెరిగినదాన్ని, ఇంక చూసేదేముంది అనుకున్నాడు. లారీ ఇంజనుకి క్యామ్‌షాఫ్టు ఎంచుకోవడానికి మాత్రం నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా అన్నం తింటున్నా అదే మాట, స్నానం చేస్తున్నా అదే మాట. ఆదివారం చర్చిలో ప్రసంగం జరుగుతుంటే కూడా ఫోను బైబిలు కింద పెట్టుకుని షాఫ్టుల బొమ్మలు చూసేవాడు.

అదేమిటో నాకు మొదట మా మరిది చెప్పాడు. మరిదికి చీపురుపల్లి స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్ల షాపు. బేరాలు లేని వేళల్లో ఫోనులో వీడియోలు చూసి, చూసి ఇంజనీరైపోయాడు. "సూడు వొదినా, ఇంజను గాలి పీల్సాలంటే వాల్వులు తెరుసుకోవాల. వాటిని తెరిసేది ఈ కడ్డీ. దీని మీద గుడ్డునాగ బుడిపెలున్నాయి సూసేవా? బుడిపె ఎంత ఎత్తుంటే వాల్వు అంత కిందకి దిగుతాది. గాలి ఎక్కువెల్తాది. బండి ఎగిరిపోతాది," అన్నాడు. పన్నెండు టన్నుల సిమెంటు బస్తాలతో ఎగిరి ఎక్కడికి పోతుందో చెప్పలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

మా ఆయన పదమూడేళ్లు ఒకరి లారీ తోలాడు. ఓనరు ఫోను చేస్తే నోటి దగ్గర ముద్ద వదిలి లేచిపోయేవాడు. జ్వరమొచ్చినా, పిల్లకి బాగోకపోయినా "వస్తన్నానండి" అనేవాడు. చివరికి పాత లారీ ఒకటి సొంతానికి కొన్నాక చర్చిలో అందరి ముందూ నిలబడి, ఇంక జన్మలో ఇంకొకడి స్టీరింగు పట్టుకోనని సాక్ష్యం చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ బండి నిలబడితే మేం నిలబడినట్టు. అంతకంటే మాకు ఇంకేమీ లేదు.

ఆ బండి సాలూరు ఘాటీ కొండ రోడ్డు బాగానే ఎక్కేది. మా ఆయన బాధల్లా వేరే లారీల వెనకాల ఎక్కుతోందని. ముందు ఇంజనులోకి గాలి తోసే పెద్ద టర్బో పెట్టించాడు. తర్వాత డీజిలు ఎక్కువ పారేలా పంపు తిప్పించాడు. బండి నల్లటి పొగ వదిలితే వీధిలో ఆరేసిన నా చీరలన్నీ సంతాప సభకి తయారయ్యాయి. ఇంక లోటేదైనా ఉంటే షాఫ్టొక్కటేనని అన్నదమ్ములిద్దరూ తేల్చారు.

తమిళ దేశంలో షాఫ్టులు చెక్కే షాపొకటి మరిది ఫోనులో దొరికింది. వాళ్లు మూడు రకాలున్నాయన్నారు. ఒకటి బరువులాగే బండికి, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బలం ఇస్తుంది. రెండోది మధ్యరకం. మూడోది పందేల బండికి, ఇంజను గట్టిగా తిరిగితే తప్ప దాని సత్తా బయటికి రాదు. మా మేస్త్రి ముప్పయ్యేళ్లుగా లారీ ఇంజన్లు విప్పుతున్న మనిషి. బీడీ తీసి, "మొదటిదే బాబూ, ఘాటీకి అదే సాల్తాది," అన్నాడు. అంతే, అక్కడితో అయిపోవలసింది. కానీ మరిది మూడోదాని చప్పుడు ఫోనులో వినిపించాడు. డగ్... డగ్‌డగ్... డగ్. మా ఆయన మొహం చూడాలి! మా పిల్ల మొదటిసారి నాన్నా అన్నప్పుడు కూడా అంత వెలగలేదు.

"బావా, లోడు బండికి లోడు బండిదే ఎయ్యాల కదేటి?" అన్నాను.

"నీకేటి తెల్సే ఇంజను గురించి? లోపలికెల్లి నీ వంట సూసుకో," అన్నాడు. మరిది నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు గాని నా వైపు చూడనూ లేదు. సరే, వంట చూసుకున్నాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుంటే మధ్యలో నేనెవర్ని?

మూడోరకం షాఫ్టే వచ్చింది. నూనె కాగితంలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చారు. బిగించే ముందు ఒక పరీక్ష చెయ్యాలని షాపువాళ్లు చెప్పారు. వాల్వు బాగా కిందకి దిగినప్పుడు పైకొచ్చే పిస్టనుకి తగలకూడదు, మధ్యలో రెండు మిల్లీమీటర్లైనా ఖాళీ ఉండాలి. అందుకు పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి క్లే పిస్టను మీద పెట్టి, పైన మూతలా ఉండే హెడ్డు బిగించి, ఇంజను చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి, నలిగిన ముద్ద మందం కొలవాలి. "క్లే ఎక్కడ దొరుకుతాది ఇప్పుడు? సపాతీ పిండి సాల్దేటి?" అన్నాడు మా ఇంజనీరు. "వొదినా! కూసింత పిండి గట్టిగా కలిపి తే!"

కలిపాను. గట్టిగా, పూరీల పిండిలా. నానడానికి కూడా ఆగకుండా పట్టుకుపోయారు.

గుమ్మంలో నిలబడి, వీధిలో బండి దగ్గర వాళ్లు చేసేది చూశాను. తిప్పారు, విప్పారు. మేస్త్రి బ్లేడుతో ముద్దని కోసి కొలిచాడు. "రెండుకి కొంచెం ఎక్కువే ఉన్నాది," అన్నాడు. అన్నదమ్ములు చేతులు కలుపుకున్నారు. నేను ఆ ముద్దనే చూస్తున్నాను. నానని పిండి పీట మీద ఎంత ఒత్తినా వెనక్కి ముడుచుకుంటుందని చపాతీ చేసే ఏ ఆడదానికైనా తెలుసు. లోపల వాల్వు దాన్ని ఎంత పల్చగా నొక్కిందో దేవుడికెరుక, వీళ్లు కొలిచింది అది మళ్లీ ఉబ్బాక. అసలు ఖాళీ అంతకంటే తక్కువే.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్త పదిమందిలో అనేది. ఆ రోజు మాత్రం బ్రహ్మాండంగా నానింది. నీకేటి తెల్సు అన్నాడు కదా, నాకేమీ తెలీదు. లోపలికెళ్లి వంట చూసుకున్నాను. మిగిలిన పిండితో చపాతీలు చేసి పెట్టాను కూడా. బాగున్నాయని ముగ్గురూ మెచ్చుకున్నారు.

పాస్టరు గారొచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఇంజను డగ్‌డగ్ మంటుంటే వీధి వీధంతా వచ్చి విన్నది. మర్నాడు సిమెంటు లోడుతో సాలూరు వెళ్లాడు. ఘాటీ మొదట్లోనే బండి నీరసపడింది. షాపువాళ్లు చెప్పినట్టే ఆ షాఫ్టుకి నెమ్మది నడకలో బలం లేదు. దాంతో కింద గేరేసి ఇంజన్ని అరిపించాడు. ఆ జోరుకి ఉన్న కాస్త ఖాళీ చాలక, మూడో మలుపులో వాల్వు పిస్టనుకి తగిలి విరిగింది. ఆ ముక్క లోపల ఇంజన్నంతా తినేసింది. మనిషి క్షేమంగా దిగాడు, దేవుడికి స్తోత్రం. బండిని తాడు కట్టి తెచ్చారు.

తర్వాత వారం రోజులు తీర్పులు. మరిది షాపువాళ్లు మోసం చేశారన్నాడు. మేస్త్రి "నాను ముందే సెప్పేను" అన్నాడు. మా అత్త దిష్టి అంది. పిండిని ఎవరూ అనలేదు. బండి బాగు చేయించే దారి లేక పాత ఇనుముకి ఇచ్చేశాం. మా ఆయన మళ్లీ ఒక ఓనరు దగ్గర డ్రైవరుగా కుదిరాడు.

పనిలోకి వెళ్లే మొదటి పొద్దున క్యారేజీ సర్దుతూ ఇంక ఉండబట్టలేక అనేశాను. "బావా, ఆ పిండి ఎనక్కి ఉబ్బుతాదని నాకు తెల్సు. కొలిసినప్పుడే తెల్సు."

చెప్పు తొడుక్కుంటున్నవాడు ఆగాడు. "తెల్సా?"

"లోపలికెల్లమన్నావు కదా. ఎల్లేను."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే అనడానికి నాలుగు మాటలు ముందే సిద్ధం చేసుకున్నాను. అతను గుమ్మం మీద కూర్చుని, నా మొహం చూడకుండా నెమ్మదిగా అన్నాడు. "నాను అడగలేదు. నువ్వు సెప్పలేదు. మన మద్దిన ఆ బండేటి పాపం సేసిందే?"

క్యారేజీ అందుకుని వెళ్లిపోయాడు. నేను లోపలికెళ్లి చపాతీ పిండి కలిపి, ఈసారి నాననిచ్చాను.