బుధవారం నాటి 'కల్'

2008 వానాకాలంలో నన్ను విశ్వవిద్యాలయాలను, పరిశోధనశాలలను కలిపే నెట్‌వర్క్‌లో అఫ్జల్‌గంజ్ కేంద్రానికి ఇన్‌ఛార్జి ఇంజినీరుగా వేశారు. కావలసినప్పుడు బ్యాండ్‌విడ్త్ అడిగి తీసుకునే పద్ధతి అప్పుడే ప్రయోగాత్మకంగా మొదలైంది. మామూలుగా అందరి సమాచారమూ ఒకే లైనులో తోసుకుంటూ పోతుంది. ముందే బుక్ చేసుకుంటే, ఆ గంటల్లో లైనులో కొంత వాటా అచ్చంగా మనకే వదిలేస్తారు. రద్దు చేసుకున్నామా, మరుక్షణం ఇంకొకరు తన్నుకుపోతారు.

ఒక గురువారం పాతబస్తీలో ఒక ఆసుపత్రిలో యాదమ్మకు మెదడులో గడ్డ తీయాలి. మాదన్నపేటలో కూరగాయలమ్ముకునే మనిషి. వేరే ఊళ్లోని పెద్ద సర్జన్ తెర మీద చూస్తూ ఇక్కడి డాక్టర్లకు కత్తి ఎటు తిప్పాలో చెప్పాలి. అందుకు గురువారానికి లైను బుక్ చేసి, మంగళవారం వేరే బుకింగ్‌తో రిహార్సల్ చేశాం. ఆ రిహార్సల్ బుకింగ్ ఇంకా తెరిచే ఉందని గమనించి, బుధవారం మా జూనియర్ ఇంజినీర్ ప్రసాద్, ఆపరేటర్ సలీంకు తన కాకినాడ ఉర్దూలో పురమాయించాడు: "సలీం భాయ్, కల్ వాలా నికాల్ దో."

'కల్'ది తీసెయ్యమని. ఉర్దూలో నిన్నకూ రేపటికీ 'కల్' ఒక్కటే మాట. ఆపరేషన్ వాయిదా పడిందనుకుని సలీం రేపటిది తీసేశాడు.

గురువారం పొద్దున ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోన్ చేశాడు. "సార్, పేషెంట్‌కు మత్తు ఇచ్చేసినం. తెర మీద ఏం వస్తలేదు. ఏందిది?"

రద్దయిన మా వాటా అప్పటికే ఒక పరిశోధనశాల చేతిలో ఉంది; వాళ్ల నక్షత్రాల ఫొటోలేవో దాని మీద పోతున్నాయి. వాళ్లంతట వాళ్లు వదిలితే తప్ప లాక్కునే అధికారం నాకు లేదు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. ఉద్యోగంలో అంత భయం నేనెప్పుడూ పడలేదు. సలీం "యా అల్లా, యా అల్లా" అంటూ కన్సోల్ ముందు నుంచి కదల్లేదు.

చివరికి అక్కడి శాస్త్రవేత్త ఒకాయన ఎత్తాడు. ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉందన్నాను. ఆయన మారుమాట లేకుండా తన పని ఆపేశాడు. సలీం మళ్లీ బుక్ చేశాడు, బొమ్మ వచ్చింది. ఆపరేషన్ పూర్తయ్యేదాకా ఎవరమూ తెర ముందు నుంచి లేవలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాం. యాదమ్మ భర్త మల్లేశ్ ఎదురొచ్చాడు. "అన్నా, మా యాదమ్మ ఎప్పుడు మాట్లాడ్తది?"

"కల్..." అనబోయి సలీం నాలుక కరుచుకున్నాడు. "శుక్రారం, భాయ్. డాక్టర్ సాబ్ చెప్పిండు. ఫికర్ చెయ్యకు."

ఆ తర్వాత మా కేంద్రంలో 'కల్' అనే మాటకు చోటు లేకుండా చేశాను. రద్దు చెప్పేవాడు వారం పేరు పలకాలి, విన్నవాడు దాన్ని తిరిగి అప్పజెప్పాలి. యాదమ్మ శుక్రవారమే మాట్లాడింది.