రాగుల సంచి మీద తీసిన అచ్చు

మనిషి వెన్నుకు వంపునిచ్చి, ఆ వంపును మోసే సత్తువ కూడా ఇచ్చిన దేవునికి స్తోత్రం. నిలబడలేని వాడికి కూర్చునే చోటు, కూర్చోలేని వాడికి ఆనుకునే చోటు చూపించే తండ్రికి స్తోత్రం. నా కళ్లలో ఇంకా సూదిలో దారం ఎక్కించేంత వెలుగు మిగిల్చినందుకు స్తోత్రం. ఇదంతా ముందు చెప్పకుండా జరిగిన సంగతి మొదలుపెడితే అది నా గొప్ప అనుకుంటారేమోనని భయం.

మదనపల్లెలో నాది కార్ల సీట్లకు కుషన్ కట్టే పని. మా నాయన జట్కా బండ్లకు మెత్తలు కుట్టేవాడు. జట్కాలు పోయాక జీపులకు, తర్వాత కార్లకు నేను కుట్టాను. ఇంటి ముందు గదే అంగడి. ఆదివారం షట్టరు తీయను. ఆరాధన అయ్యాక గుడి వాకిట్లో అందరూ "వందనాలన్నా" అంటూ చేతులు కలుపుతారు. టమాటా ధర గురించీ పిల్లల పరీక్షల గురించీ మాట్లాడుకుంటూ ఎవరి బండి వాళ్లు ఎక్కుతారు. నేను నడిచి ఇంటికి వస్తాను. నడిచే దూరమే కాబట్టి ఎక్కించుకుంటామని ఎవరూ అడగరు. వాళ్ల తప్పేమీ లేదు.

మా పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఫోమ్ మీద కవరు తొడిగాక ఒకరు మోకాలితో అదిమి పట్టాలి, రెండోవాళ్లు అంచు లాగి సీటు అడుగున ఇనుప రింగులు బిగించాలి. నా భార్య ఉన్నన్నాళ్లు అదిమేది ఆమే. "ఊఁ" అంటే లాగాలి, ఇంకోసారి "ఊఁ" అంటే ఆపాలి. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లాక రుబ్బురోలు పొత్రాన్ని ఫోమ్ మీద పెట్టి పని చేస్తున్నాను. రాయి బరువు పెడుతుంది, కానీ ఎప్పుడు వదలాలో దానికి తెలియదు. అందుకే నా సీట్లలో ఇప్పుడు ఎక్కడో ఒకచోట ముడత ఉంటుంది. కొనేవాళ్లకు కనబడదు.

ఒక రోజు కుప్పం నుంచి ఒకామె ఫోన్ చేసింది. రిటైరైన టీచరమ్మ. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. ఆయన వయసులో ఉండగా బెంగళూరులో ఒక సీమ దొర కుటుంబం వదిలేసి పోతున్న పాత స్పోర్ట్స్ కారు కొన్నాడట. పైకప్పు లేదు, రెండే సీట్లు. ఆయన నడపడం, ఆమె పక్కన కూర్చోవడం. జబ్బు చేశాక ఆ కారు షెడ్డులోనే ఉండిపోయి, లోపలి భాగమంతా ఎలుకల పాలైంది. ఆస్పత్రికి పడుకోబెట్టి తీసుకెళ్లడం తప్ప ఆయన గడప దాటి బయటికి రాలేదు.

"బయటికి రమ్మంటే ఆ కారులో అయితేనే వస్తానంటాడప్పా. వేరే కారు తెస్తే మొగం తిప్పుకుంటాడు. లోపలంతా మళ్లీ మునుపటి మాదిరి కావాల. ఎడమ సీటు మాత్రం ఆయన పడిపోకుండా ఉండేట్టు చెయ్యాల. నేను నడుపుతా."

"మీకు వచ్చా అమ్మా?"

"నేర్చుకుంటాండాను" అందామె.

కారు అప్పటికే పుంగనూరులో ఒక టింకరు షెడ్డులో రంగుకు ఉంది. సీట్లు విప్పి తెచ్చుకోవడానికి వెళ్లాను. టింకరు నాకు పాత పరిచయస్తుడు, నోరు ఊరుకోదు.

"రాప్పా రా. సూడు దీన్ని. కారంటావా, మా ఊరి పొట్టి ఆవంటావా? వంగితే గాని డోరు సేతికి రాదు."

"బాగుండాది కదప్పా."

"బాగుండాది, ఎవురు కాదనిరి? దీంట్లో ఆ పెద్దాయన్ని ఎట్ల కూసోబెట్టేది? ఎక్కించను నలుగురు, దించను క్రేను."

"దించేది నేను సూసుకుంటాలే. నువ్వు రంగు సూసుకో."

"నువ్వా? నిన్ను దించను ఇంకో క్రేను!"

నవ్వుతూనే సీట్లు విప్పడానికి సాయం చేశాడు. తోలు ఎండి పొరలు పొరలుగా లేస్తోంది. లోపల కొబ్బరి పీచు పొడై రాలింది. నేల మీది కార్పెట్ ఎత్తబోతే చిరిగింది. డ్యాష్‌బోర్డు చెక్క మాత్రం టేకు, గట్టిగా ఉంది. దాని మీది గడియారాల్లాంటి మీటర్లను కదిలించకుండా చెక్కను మాత్రం రుద్ది పాలిష్ పట్టాను. నేల మీద, గేరు పెట్టె చుట్టూ వేడి రాకుండా రేకు పొర పరిచి కొత్త కార్పెట్ వేశాను. పాత కారులో బెల్టులు లేవు, భుజం మీదుగా వచ్చేవి రెండు బిగించాను. ఎడమ డోరుకు తోలు పట్టీతో ఒక పిడి కుట్టాను, ఎందుకంటే ఆయనకు పని చేసేది ఎడమ చెయ్యే.

అసలు పని ఎడమ సీటు. మా నాయన జట్కా మెత్తలకు ఒక పద్ధతి పాటించేవాడు. గుడ్డ సంచిలో రాగులు వదులుగా పోసి, బండివాణ్ణి దాని మీద కూర్చోబెట్టేవాడు. రాగి గింజ సన్నం కాబట్టి ఒంటి కింద సర్దుకుంటుంది. లేచాక గుంట నిలుస్తుంది. దాని లోతులు చూసి పీచు ఎక్కువ తక్కువలుగా కూరేవాడు. నేను ఫోమ్ కూడా అలాగే కోస్తాను.

రాగుల సంచి భుజాన వేసుకుని కుప్పం బస్సెక్కాను. నేను వెళ్లేసరికి పెద్దాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కుర్చీలో నిటారుగా ఉన్నాడు. మా వైపు పెద్దవాళ్లు ఇంటికి మనిషి వస్తే అంతే, జ్వరంలో ఉన్నా సర్దుకు కూర్చుంటారు. టీచరమ్మా నేనూ పట్టుకుని సంచి మీద కూర్చోబెట్టాం. దవడ బిగించి, ఎడమ చెయ్యి తొడ మీద ఊని, కదలకుండా కూర్చున్నాడు. లేపాక చూస్తే గుంట రెండు వైపులా దాదాపు సమంగా ఉంది. సైకిలు చక్రం పుల్లతో లోతులు కొలుచుకుని, సంతోషంగా మదనపల్లె వచ్చేశాను. ఆ కొలతలతోనే సీటు కట్టాను.

కారు కుప్పం చేరాక ఇంటి ముందే కూర్చోబెట్టి చూశాం. ఆమె ఇంజను స్టార్టు చేసింది. కారు రెండడుగులు కదిలిందో లేదో ఆయన కుడికి ఒరిగిపోయాడు. బెల్టు మెడకు తగిలింది, భుజం వెళ్లి గేరు రాడ్డు మీద పడింది, ఇంజను ఆగిపోయింది. ఎదురింటి వాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు. లేపి సర్దబోతే ఆయన ఎడమ చేత్తో నన్ను తోసేశాడు.

"వద్దు" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది గాని అందరికీ అర్థమైంది. ఆ తర్వాత కారు వైపు చూడలేదు.

బస్సులో వస్తూ ఆలోచించాను. సంచి మీద కూర్చున్నది ఆ మనిషి కాదు, అతిథి ముందు కూర్చున్న ఇంటి యజమాని. బలమంతా కూడగట్టుకుని అరగంట కూర్చున్న మనిషికి నేను సీటు కట్టాను. కారులో అంత బలం ఎవరికుంటుంది?

కొన్నాళ్లు ఫోన్ రాలేదు. మళ్లీ చేయాలనుకున్నాను, ఏమని చేయను? పని లేని సాయంత్రాలు అంగట్లో కూర్చుని బయట పోయే కార్ల సీట్లు చూస్తూ ఉండేవాణ్ణి. సగం సీట్లకు ఇంకా కంపెనీ ప్లాస్టిక్ కవర్లు తీసి ఉండరు. కొని ఏళ్లయినా తీయరు. వాటి మీదే కూర్చుని చెమటలు కక్కుతూ పోతారు. ఇది ఎవరితోనైనా చెప్పి నవ్వాలనిపించేది. గుడిలో ఒకరితో చెప్పబోయాను, అతనికి ఫోన్ వచ్చింది.

చివరికి టీచరమ్మే చేసింది.

"ఒకతూరి రాప్పా."

"ఆయన వద్దన్నారు కదమ్మా."

"ఆయన వద్దన్నాడు. నేను వద్దనలేదు కదా?"

రాగుల సంచితో పాటు ఫోమూ పనిముట్లూ తీసుకుని వెళ్లాను. ఈసారి కూడా తెల్ల చొక్కా, అదే బిగించిన దవడ. సంచి మీద కూర్చోబెట్టాం. "తొందరగా కానీ" అన్నట్టు గడ్డం ఎగరేశాడు. అప్పుడు నాకు తోచింది, "అయ్యా, ప్రార్థన చేసి మొదలుపెడదాం" అన్నాను. మొదటిసారి ఆయన్ను కూర్చోబెట్టక ముందే రెండు మాటల్లో ముగించాను. ఈసారి కూర్చోబెట్టాక మొదలుపెట్టాను.

మా సంఘంలో నా ప్రార్థన పొడుగని పేరు. "అన్న మొదలుపెడితే అన్నం సల్లబడుతుంది" అంటారు. ఆ రోజు ఎవరి అన్నం గురించీ ఆలోచించలేదు. ఆ ఇంటి గురించి, ఆమె చేతుల గురించి, వానల గురించి, పుంగనూరులో టింకరు గురించి కూడా ప్రార్థించాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ప్రార్థనలో కళ్లు తెరవకూడదని నేర్చుకున్నవాణ్ణి, ఆ రోజు తెరిచాను. ముందు ఆయన దవడ వదులైంది. తర్వాత కుడి భుజం నెమ్మదిగా దిగింది. నడుము కుడి వైపు రాగుల్లోకి కుంగింది, గింజలు జరిగిన చప్పుడు వినబడింది. తల పక్కకు వాలి, పెదవి కొస నుంచి చొంగ జారింది. దేవుని ముందు ఆయన ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. గింజలు కదలడం ఆగేదాకా ప్రార్థన ఆపలేదు.

ఆమెన్ అనగానే ఆయన సర్దుకోబోయాడు. అంతలోనే ఇద్దరం నిలువుగా పైకెత్తేశాం. సంచిలో కుడి పక్క లోతైన గుంట.

ఆయన ఎడమ చేత్తో మూతి తుడుచుకుని నన్ను చూశాడు. "పొడుగు ప్రార్థన" అన్నాడు కష్టంగా. సంచిలోని గుంట చూసి, "కొలత అయిందా?" అన్నాడు. కళ్లలో నవ్వు ఉందో లేదో నాకు తెలియలేదు. తల వంచుకుని సైకిలు పుల్ల తీశాను.

సీటు మళ్లీ మదనపల్లె తేలేదు, వాళ్ల వరండాలోనే కట్టాను. కుడి వైపు గట్టి ఫోమ్ ఎత్తుగా పెట్టి నడుముకు దిమ్మె లాగా చేశాను. కిందికి జారకుండా తొడల దగ్గర ఎత్తు పెంచాను. కవరు తొడిగే వేళకు చుట్టూ చూశాను, ఆనించడానికి రాయి లేదు. టీచరమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి మోకాలు ఆనించింది.

"ఇట్లేనా? సెప్పు, యాడ అదమాల?"

చెప్పాను. ఆమె అదిమింది, నేను లాగాను. ఎక్కడా ముడత రాలేదు. చాలా రోజుల తర్వాత నా చేతి కింద సీటు నునుపుగా వచ్చింది. నీళ్లు తాగే వంకతో పెరట్లోకి వెళ్లాను.

సాయంత్రం ఆయన్ను కారులో కూర్చోబెట్టాం. ఒరిగాడు, కానీ దిమ్మె పట్టుకుంది. ఎడమ చెయ్యి డోరు పిడిలోకి పోయింది. ఆమె ఈసారి ఇంజను ఆగనివ్వలేదు. గేటు దాటి రైల్వే గేటు వైపు వెళ్లారు. రెండే సీట్ల కారు, నేను గేటు దగ్గర నిలబడ్డాను. వరండాలో దారం ముక్కలు, ఫోమ్ పొట్టు ఊడ్చి మూట కట్టాను.

కాసేపటికి తిరిగి వచ్చారు. దించుదామని పరుగెత్తాను. ఆయన జుట్టంతా గాలికి రేగి ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపి, "ఇంకో సుట్టు" అన్నాడు.

"చీకటి పడతాది" అందామె, ఊరికే అనాలని. కారు దిగకుండానే వెనక్కి తిప్పింది. నాకేసి చెయ్యి ఊపిందో, అద్దం సర్దుకుందో తెలియలేదు. ఈసారి పలమనేరు రోడ్డు పట్టారు. దించే వేళకు ఎదురింటి కుర్రాళ్లు వస్తామన్నారు. నా బస్సు టైము అయింది. సంచి భుజాన వేసుకుని, గేటు దగ్గరికి వేసి బయల్దేరాను.

దారిలో ఏ మలుపులోనైనా ఎదురవుతారేమోనని కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఎదురవలేదు. మనం చేసిన చోట ఎవరో హాయిగా కూర్చుని పోతుంటే సంతోషంగానే ఉంటుంది. ఆ సంతోషాన్ని ఇంటికి తీసుకెళ్లి ఎవరికి చెప్పాలన్నదే, ఆ రాత్రి పుంగనూరు దాటాక, నా గుండెను నొక్కింది.

ఇది చదువుతున్న అన్నా, అక్కా, ఒక్క నిమిషం తల వంచండి. ఆ పెద్దాయన నడుము ఇంకా కొన్నాళ్లు కూర్చోనివ్వమని, స్టీరింగు పట్టిన ఆమె చేతులు వణకనివ్వవద్దని ప్రభువును అడగండి. పని ముగించి ఒంటరిగా బస్సెక్కే వాళ్లందరినీ, వాళ్లతో పాటు నన్నూ, మీ ప్రార్థనలో కలుపుకోండి. మీరు అక్కడ మొదలుపెట్టండి, నేను ఇక్కడ మోకరిస్తున్నాను. ఆమెన్ మాత్రం కలిసి అందాం.