శారదత్తకు తోడు కూర్చున్న చలికాలం

మార్గశిరం వచ్చిందంటే బెంగుళూరులో మా వీధి మొగదల తోపుడుబండి మీద అనపకాయలు గుట్టగా పోసి అమ్ముతారు. మంచుకు తడిసిన ఆ కాయల జిడ్డు వాసన మూడో అంతస్తులోని నా గదిదాకా ఎట్లా వస్తుందని మా కోడలు నవ్వుతుంది గానీ, నాకు మాత్రం వస్తుంది. వాసన తగలగానే చింతామణిలో మా ఇంటి నడవా, చాపమీద కాళ్ళు చాపుకుని కాయలు ఒలిచే ఆడవాళ్ళు, నానిన గింజను రెండు వేళ్ళ మధ్య పితికితే తొక్కలోంచి జారి పళ్ళెంలో పడే పచ్చటి పప్పు, ఆ పప్పుతో కాచిన పులుసు, అందులో అద్దుకుని మింగే వేడివేడి రాగిసంగటి, అన్నీ ఒకటి వెనక ఒకటి వస్తాయి. చివరన శారదత్త వస్తుంది. ఆమె రాగానే ఆ వాసన నాకు ఇష్టమో భయమో తెలియకుండా పోతుంది.

శారదత్త మా నాయన చెల్లెలు. బాగేపల్లిలో అంగడి పెట్టుకున్నవాళ్ళ ఇంటికి కోడలయింది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతూ చక్కెర దొరక్క అందరం బెల్లం కాపీ తాగుతున్న రోజుల్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమె వస్తే ఇంటికి పండగే. మధ్యాహ్నాలు నాతో వామనగుంటలు ఆడుతూ, చింతగింజలు అరచేతిలో దాచి, నేను చూడనప్పుడు నా గుంటలోనే వేసి నన్ను గెలిపించి నవ్వేది. ఆ నవ్వు అంగడికి పోయే వాళ్ళకు వీధిలోకి వినిపించేది.

దీపావళికి ముందు కొడుకు పుట్టాడు. గోపి అని పేరు పెట్టారు. ఇల్లంతా సాంబ్రాణి పొగ, వేయించిన వాము, వెల్లుల్లి, బాలింత కారం వాసనలతో నిండిపోయింది. మామ బాగేపల్లి నుంచి వచ్చి కొడుకును చూసుకుని మురిసిపోయాడు. అందరూ మురిసిపోతూండగానే అత్త మాత్రం మెల్లమెల్లగా మాట తగ్గించింది. అన్నం కలిపి అట్లాగే కూర్చునేది. బిడ్డ ఏడిస్తే చెవుల్లో పడనట్టు గోడవైపు చూసేది. మామ మంచివాడు, బిడ్డ ఆరోగ్యంగా ఉన్నాడు, దేనికి దిగులు అని వచ్చినవాళ్ళంతా అడిగి పోయేవారు. అడిగిన కొద్దీ ఆమె ఇంకా కుంచించుకుపోయేది.

ఒక మధ్యాహ్నం నాకు జడ అల్లుతూ ఉన్నట్టుండి ఆగింది.

"రుక్కూ, నేను లేకపోతే గోపీని నువ్వు ఎత్తుకుంటావు గదా?"

"యాడికి పోతాండావత్తా?" అన్నాను.

ఆమె నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుని, ఈ మాట ఎవరికీ చెప్పొద్దు, నామీద ఒట్టు అంది.

ఒట్టు తప్పితే ఎవరి మీద వేశామో వాళ్ళు చచ్చిపోతారని మా పిల్లల నమ్మకం. చెప్తే అత్త చచ్చిపోతుంది. చెప్పకపోతే ఎక్కడికో పోతుంది. అది ఎక్కడికో, తొమ్మిదేళ్ళ దాన్నయినా నాకు అర్థమయింది. ఆ పూట, మరుసటి రోజంతా నాకు అన్నం దిగలేదు. బడిలో కన్నడ పద్యం అప్పజెప్పలేక నిలబడ్డాను. సాయంత్రం, అత్తను కన్న మా అవ్వ పెరట్లో ఒంటరిగా బియ్యం చెరుగుతుంటే దగ్గరికి పోయి, ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ఏడుస్తూ చెప్పేశాను. అవ్వ చేట కింద పెట్టింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, "ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టినాను. దానికేమీ కాదు. నువ్వు చెప్పింది మంచిపని" అంది.

నేరుగా అత్త గదిలోకి పోయింది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. అవ్వ ఆమె ఎదురుగా కూర్చుని, తిట్టకుండా, ఏడవకుండా, ఆకలవుతోందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"సచ్చిపోవాలని ఉండాదా తల్లీ?"

అత్త తల ఊపింది. ఆ మాట అడిగినందుకే ఆమెకు ఏడుపు వచ్చింది. కాన్పయ్యాక ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. తర్వాత తలెత్తి, గుమ్మంలో ఉన్న నన్ను చూసింది.

ఆ రోజు నుంచి అత్త ఒంటరిగా ఉండలేదు. ఇంట్లో ప్రమాదమని తోచినవన్నీ అవ్వ అందకుండా దాచింది. అవ్వ, అమ్మ, పక్కింటి పెద్దమ్మ, నేను, ఎవరో ఒకరం పక్కనే ఉండేవాళ్ళం. అనపకాయల పని కూడా ఆమె మంచం దగ్గరికే మారింది. కొండగుడి పూజారి కట్టిన తాయెత్తు కట్టారు. పురుటిగాలి అన్నవాళ్ళు దిష్టి తీశారు. డాక్టరు బలహీనత అని టానిక్కు ఇచ్చాడు. మామ వారం వారం బస్సులో వచ్చి, ఆమె పక్కన కూర్చుని, తన చేతులు తానే చూసుకుని వెళ్ళిపోయేవాడు. దేనికీ ఆమె మొహంలో వెలుగు రాలేదు. గింజలు పితుకుతూ ఒకరోజు అవ్వ అమ్మతో నెమ్మదిగా అంది: "ఇంత వయసొచ్చె. ఈ బిడ్డకు ఏం చేయాల్నో నాకు తెల్దమ్మా. కూసోని ఉండాను, అంతే."

నేనూ కూర్చున్నాను. వామనగుంటల పీట ముందు పెట్టేదాన్ని. ఆమె గింజలు చేతిలోకి తీసుకుని, ఆడకుండా, అట్లాగే పట్టుకునేది. నాతో మాత్రం ఒక్క మాటా మాట్లాడేది కాదు.

శివరాత్రి దాటాక ఒక ఉదయం అత్త అన్నం తింటూ, పులుసులో ఉప్పెక్కువయింది వదినా అంది. అమ్మ వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మెల్లగా అత్త బిడ్డను తనే అడిగి తీసుకోవడం మొదలుపెట్టింది. ఏ తాయెత్తు పనిచేసిందో, ఏ మందు పనిచేసిందో, ఏదీ పనిచేయకుండానే దానంతటది వదిలిపోయిందో ఎవరికీ తెలియలేదు. తెలియదు గనక, మళ్ళీ వస్తుందేమోనన్న భయం అవ్వకు చచ్చేదాకా పోలేదు. ఉగాది తర్వాత అత్త బాగేపల్లి వెళ్ళింది. నా జడ మళ్ళీ ఎప్పుడూ అల్లలేదు. డెబ్భై దాటేదాకా బతికింది. పెళ్ళిళ్ళలో కలిస్తే బాగుండావా అని అడిగేది. ఆ చలికాలం గురించి ఆమె అనలేదు, నేను అడగలేకపోయాను.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని చోట మూడంతస్తుల అంగళ్ళు లేచాయి. పని చేతబట్టుకుని ఒక మనిషి పక్కన నెలల తరబడి ఊరికే కూర్చునే ఆడవాళ్ళూ లేరు. గోపికి ఎనభై దాటాయి. మొన్న ఫోన్‌లో తన భార్య సంగతి చెప్పుకొస్తూ అన్నాడు: "మా ఆమె తొలికాన్పప్పుడు అమ్మ మూడు నెలలు దాని పక్కనుంచి లేవలేదు రుక్కక్కా. దినామూ పొద్దున్నే ఏందో అడుగుతాండె. ఏమడుగుతాండావని అంటే మాకెవరికీ చెప్పలేదు. నీకేమన్నా తెల్సా?"

ఆనాడు గదిలో అవ్వ అడిగిన మాట నోటిదాకా వచ్చింది. తెలియదప్పా అన్నాను.